ఆరబెట్టిన నిశ్శబ్దం

జిల్లా ప్రజలకు మనశ్శాంతి తగ్గిపోయిందని పైనుంచి కబురొచ్చింది. ఎవరు కొలిచారో, దేంతో కొలిచారో నాకు తెలీదు గానీ, మందు మాత్రం అదే కబుర్లో ఉంది. ప్రజలు సెలవు పూట ప్రశాంతమైన పల్లెదారుల్లో తీరిగ్గా సైకిలు తొక్కాలి. అలాంటి దారుల్ని అధికారులు వెతికి, ధ్రువీకరించి, ప్రజలకు అంకితం చెయ్యాలి. ఈ పనికి 'ప్రశాంత పథం మిషన్' అని పేరు పెట్టారు. మిషన్‌కి ఒక ప్రాజెక్ట్ డైరెక్టరు, డైరెక్టరుకి ఒక జీపు, జీపుకి ఒక డ్రైవరు మంజూరయ్యారు. సైకిలు మాత్రం మంజూరు కాలేదు. అది రెండో దశలో వస్తుందన్నారు.

డైరెక్టరుగా వచ్చినాయన పేరు పరాంకుశం గారు. అంతకుముందు ఆయన దోమల నిర్మూలన విభాగంలో ఉండేవారు. దోమలు అక్కడే ఉన్నాయి, ఆయన పదోన్నతి మీద ఇటొచ్చారు.

నేను మా ఊరి జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. డాక్టరు పొట్ట తగ్గించమన్న దగ్గర్నుంచి ఆదివారాలు సైకిలు తొక్కుతున్నాను. పొట్ట ఉన్నచోటే ఉంది గానీ, చుట్టుపక్కల కాలువ గట్లూ, పుంతదార్లూ బాగా తెలిశాయి. ఈ సంగతి ఎవరో చెవిన వేసినట్టున్నారు, ఒకరోజు పరాంకుశం గారు నన్ను ఆఫీసుకి పిలిపించారు. పక్కనే మిషన్ ఇంజినీరు కిరీటి కూర్చుని ఉన్నాడు. కుర్రాడే. డైరెక్టరు గారు ఏమన్నా ముందు తలూపి, తర్వాత వినే అలవాటున్నవాడు.

"తమరు ప్రశాంత మార్గాలను గుర్తించడంలో అనుసరిస్తున్న శాస్త్రీయ పద్ధతి ఏమిటి?" అని అడిగారు పరాంకుశం గారు.

"ధాన్యం సార్," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి అర్థం కానప్పుడల్లా కళ్ళజోడు మురికవుతుందని తర్వాత తెలిసింది.

నేను విడమర్చి చెప్పాను. ఎండాకాలం వరి పంట దాళ్వా కోతలయ్యాక మా వైపు రైతులు ధాన్యాన్ని తారురోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు ధాన్యానికి, సగం జనానికి. ఆ మిగిలిన సగంలో సైకిలు పడుతుంది, మోటారు సైకిలు పడుతుంది, లారీ పట్టదు. పట్టించాలని చూస్తే చక్రం ధాన్యం మీదికెక్కుతుంది. ఎక్కిందా, ఊరు ఊరంతా లారీ ముందుకొచ్చి నిలబడుతుంది. అందుకని ఇసుక లారీలూ, చేపల లారీలూ చుట్టు తిరిగి పోతాయి గానీ ఆ దారి తొక్కవు. కాబట్టి నేను ఆదివారం పొద్దున్నే ధాన్యం ఎక్కడ ఆరబోశారో కనుక్కుని అటు పోతాను.

"అంటే ధాన్యం ఒక సూచిక," అన్నారు పరాంకుశం గారు. కిరీటి అప్పటికే తలూపేశాడు.

మర్నాడు ముగ్గురం జీపులో మునగలపర్రు కాలువ గట్టు రోడ్డుకి వెళ్ళాం. నాకు బాగా ఇష్టమైన దారి అది. ఒక పక్క కాలువ, ఒక పక్క కోసేసిన చేలు, మధ్యలో నీడనిచ్చే నిద్రగన్నేరు చెట్లు. పరాంకుశం గారు జీపు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. కాలువలో నీళ్ళు కదిలే చప్పుడు తప్ప మరేం వినిపించలేదు. ఆయన మొహంలో నిజంగానే ఏదో హాయి కనిపించింది, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. కిరీటి శబ్దం కొలిచే పరికరం పైకెత్తి పట్టుకున్నాడు. ముల్లు సున్నా దగ్గరే ఉంది. దాన్ని ఆన్ చెయ్యలేదని సాయంత్రం తెలిసింది గానీ, అప్పటికే ధ్రువీకరణ అయిపోయింది.

కళ్ళు తెరిచాక పరాంకుశం గారికి రోడ్డు మీద ధాన్యం కనిపించింది. ధాన్యంలో కాళ్ళీడ్చుకుంటూ, చాళ్ళు చాళ్ళుగా తిరగేస్తున్న వీరవేణి కూడా కనిపించింది. తలకి తువ్వాలు చుట్టుకుంది. యాభై దాటి ఉంటాయి. ఆ ఊళ్ళో రెండెకరాలు కౌలుకి చేస్తుంది. నేను ఆ దారిన పోయేటప్పుడల్లా "పొట్ట తగ్గిందాండి మేష్టారూ?" అని పలకరిస్తుంది.

"ఈ పదార్థం ఏమిటమ్మా?" అని అడిగారు పరాంకుశం గారు.

"ధాన్యమండి."

"ప్రజల మనశ్శాంతి కోసం కేటాయించిన మార్గంలో ఎందుకుంది?"

"తడిగా ఉందండి మరి," అంది వీరవేణి. "కోత మిషనుతో కోయించానండి, గింజ పచ్చిగా వచ్చింది. తేమ పదిహేడు శాతానికి దిగితే గానీ కొనుగోలు సెంటర్లో తీసుకోరు. ఇంకో రెండెండలు తగిలితే దిగిపోద్ది. నెలాఖరుకి సెంటరెత్తేస్తారంట. ఈలోపు వానడ్డుపడిందంటే, ఏడాదంతా చేసిన కష్టం కాలవలో కలిపేసినట్టేనండి."

"తల్లీ, నీ సమస్య వ్యవసాయ శాఖ పరిధిలోనిది. ప్రశాంతత మా పరిధిలోనిది," అన్నారాయన ఎంతో మృదువుగా. "పరిధులు కలిస్తే పరిపాలన ఉండదు."

"సార్, ఆ ధాన్యం ఉంది కాబట్టే..." అని నేను అందుకోబోయాను.

"సూచిక పని సూచించడమే మేష్టారూ. మార్గం దొరికాక సూచికతో పనేమిటి?" అన్నారు. కిరీటి తలూపాడు.

సాయంత్రానికి ధాన్యం ఎత్తించేశారు. వీరవేణి దాన్ని సంచుల్లోకి నింపి, ఇంటి ముందు బరకం కింద పెట్టుకుంది. పచ్చి ధాన్యం సంచుల్లో పెడితే వేడెక్కి రంగు మారుతుంది. ఆ సంగతి ఆవిడ నాతో చెప్పలేదు. నా వంక చూసింది, అంతే. ఆ చూపుకి నేను సైకిలు బెల్లు సవరించుకోవడం మొదలుపెట్టాను.

ఆ వారంలోనే మార్గాన్ని ప్రజలకు అంకితం చేశారు. మొదట్లో ఒక బోర్డు, చివర్లో ఒక బోర్డు పెట్టారు. మర్నాడు ఆదివారం నేను సైకిలు మీద బయల్దేరాను. సగం దూరం వెళ్ళేసరికి వెనకనుంచి ఇసుక లారీ హారన్ మోగింది. అది పోయిందనుకునేలోపు ఎదురుగా చేపల లారీ. రోడ్డు ఖాళీ అయిందన్న కబురు డ్రైవర్లకి అధికారుల కంటే ముందే అందినట్టుంది. మూడో లారీకి దారిచ్చే ప్రయత్నంలో నేనూ, నా సైకిలూ గట్టు దిగి కాలువ అంచు జమ్ము గడ్డిలో తేలాం. బోర్డు మీద 'ప్రశాంతతకు స్వాగతం' అని ఉండటం అక్కణ్ణుంచి స్పష్టంగా కనిపించింది.

సోమవారం అత్యవసర సమీక్షా సమావేశం జరిగింది. పరాంకుశం గారు బాగా నొచ్చుకుని ఉన్నారు.

"నిశ్శబ్దం ఎక్కడో లీకవుతోంది," అన్నారు. "ధ్రువీకరించిన నిశ్శబ్దం ఇలా మాయమవడం క్షేత్రస్థాయి వైఫల్యం. కారణాలను అన్వేషించాలి."

"కారణం ధాన్యం ఎత్తేయడం సార్," అన్నాను. ఈసారి మోకాలికి కట్టు ఉంది కాబట్టి నా మాటకి కాస్త బరువొచ్చింది.

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. తర్వాత ఆ మొహం మెల్లగా వెలిగింది.

"అర్థమైంది. ధాన్యం సూచిక కాదు. ధాన్యం ఒక శబ్ద నియంత్రణ సాధనం," అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే వీరవేణిని పిలిచి ధాన్యం పోసుకోమంటారనుకున్నాను. కానీ ప్రభుత్వంలో ఏ మంచీ అంత తొందరగా జరగదు. ముందు ప్రత్యామ్నాయాలు పరిశీలించాలన్నారు. మొదట రోడ్డులో సగానికి ధాన్యం రంగు వేయించారు. లారీ డ్రైవర్లు దాన్ని కొత్త లైను అనుకుని, సరిగ్గా ఆ రంగు మీదుగానే క్రమశిక్షణతో నడిపారు. తర్వాత మిల్లు నుంచి ఊక తెప్పించి పరిపించారు. తనిఖీకి పరాంకుశం గారు వచ్చినప్పుడే గాలి లేచింది. ఊకలో ఎక్కువ భాగం ఆయన తలలోకి, మిగిలింది కిరీటి నోట్లోకి వెళ్ళింది. తలూపుతూ నోరు తెరిచి ఉండటం వల్ల అలా జరిగింది. దాంతో నకిలీ సాధనాలు పనికిరావని తీర్మానించారు.

"అసలు ధాన్యమే కావాలి. తక్షణం ఏర్పాటు చేయండి," అన్నారు పరాంకుశం గారు, చెవిలోంచి ఊక తీసుకుంటూ.

కిరీటి జీపేసుకుని వీరవేణి ఇంటికెళ్ళాడు. రోజూ విప్పి గాలి తగలనిస్తూ ఆవిడ కాపాడుకుంటున్న సంచులు పట్టుకురావడానికి మిషన్ తరఫున ట్రాక్టరు కూడా పంపించారు. రోడ్డు మీద ధాన్యం ఏ మందంలో ఉండాలో, అంచు ఎంత వంకర పోవచ్చో ఒక ప్రమాణం రాసుకొచ్చాడు కిరీటి. చేత్తో స్కేలు పట్టుకుని ప్రతి పది అడుగులకీ కూర్చుని కొలిచాడు. మందం తేడా వచ్చినచోట మిషన్ కూలీల చేత సరిచేయించాడు. వీరవేణి గట్టు మీద కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగుతూ ఇదంతా చూసింది.

"ఇంత నీటుగా ఆరబోయడం మా అత్తారి కాలంలో కూడా చూళ్ళేదండి మేష్టారూ. ఆ బాబు నా చేల్లో నాట్లకొస్తే బాగుణ్ణు," అంది.

ధాన్యం పడ్డ మరుక్షణం నుంచీ లారీలు మాయమయ్యాయి. గట్టు మీదికి నిశ్శబ్దం తిరిగొచ్చింది. పరాంకుశం గారు వచ్చి మళ్ళీ కళ్ళు మూసుకుని వెళ్ళారు. రెండెండలు బాగా కాశాయి. వీరవేణి గింజ నోట్లో వేసుకుని కొరికితే టక్కుమంది. సెంటరువాళ్ళు కొలిచి చూసి, తేమ పదహారే ఉంది, రేపే తెచ్చేయమన్నారు.

కథ ఇక్కడ అయిపోవాలి. వీరవేణి కూడా అలాగే అనుకుని, మర్నాడు పొద్దున్నే ట్రాక్టరూ, గోనె సంచులూ పట్టుకుని రోడ్డు మీదికొచ్చింది. నేను కూడా సైకిలు మీద అటే వెళ్తున్నాను. కిరీటి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ధాన్యం పక్కన తెల్ల సున్నంతో ఒక నంబరు రాసి ఉంది.

"తియ్యడానికి వీల్లేదమ్మా," అన్నాడు. "ఇది మిషన్ ఆస్తి కింద నమోదైంది."

"ఇది నా ధాన్యం బాబూ."

"ధాన్యం మీదే. అది చేసే శబ్ద నియంత్రణ మిషన్‌ది. రెండూ విడివిడిగా తీసుకుపోగలిగితే తీసుకుపోండి."

పడమటి వైపు ఆకాశం నల్లబడుతోంది. అల్పపీడనం ఉందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. సెంటరెత్తేసేది కూడా ఆ సాయంత్రమే. వీరవేణి కొంగు నడుముకి దోపి, "మీ సారుని రమ్మనండి," అంది. సారు వచ్చారు. ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. సెంటరు గురించి విన్నారు, వాన గురించి విన్నారు. తర్వాత ప్రమాణ పత్రం తెప్పించుకుని చదివారు. చదువుతుంటే ఆయన మొహం గంభీరంగా మారింది.

"కిరీటీ, ఇందులో 'ఆరబెడుతున్న ధాన్యం' అని ఉంది. ఈమె ధాన్యం ఆరిపోయిందంటోంది. ఆరిపోయిన ధాన్యాన్ని రోడ్డు మీద ఉంచితే అది ఆక్రమణ అవుతుంది."

"అదేనండి నేను చెప్పేది, తీసేస్తాను," అంది వీరవేణి.

"తీస్తే ప్రశాంతత పోతుంది. ఉంచితే నిబంధన పోతుంది," అన్నారు పరాంకుశం గారు. కళ్ళజోడు తుడిచారు. "కాబట్టి ధాన్యం ఎప్పటికీ ఆరుతూ ఉండాలి, ఆరిపోకూడదు. రోజూ పొద్దున్నే ట్యాంకరుతో తడపండి. సాయంత్రందాకా ఆరుతుంది. మర్నాడు మళ్ళీ తడపండి. శాశ్వత పరిష్కారం."

నాకు వృక్షశాస్త్రం వచ్చు. తడిపిన ధాన్యం మూడోరోజుకి మొలకెత్తుతుందని నాకే కాదు, నా దగ్గర తప్పిన పిల్లలకి కూడా తెలుసు. ఆ మాట చెప్పాను. మొలకలు పచ్చగా ఉంటాయి కాబట్టి సైకిలిస్టుల కళ్ళకి చల్లగా ఉంటుందన్నారాయన. నాకు వచ్చిన కోపానికి చేతిలో సైకిలు పంపు ఉండటం మంచిది కాదనిపించి, దాన్ని గట్టు మీద పెట్టేశాను.

ఆయన అక్కడికక్కడే ఫోన్ చేశారు, కాసేపట్లోనే ట్యాంకరు రానే వచ్చింది. నీళ్ళు తొణుకుతూ అది గట్టెక్కి మలుపు తిరిగింది. డ్రైవరుకి పైనుంచి ఉత్తర్వుంది, ముందర డైరెక్టరు గారున్నారు, ఆగాల్సిన పనేముంది. నేరుగా ధాన్యం మీదికే వచ్చాడు. ముందు చక్రం ధాన్యం అంచుకి జానెడు దూరంలో ఉండగా వీరవేణి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"ఏరా, కళ్ళు ఇంటికాడ పెట్టొచ్చావా?" అంది. ఆ గొంతు అంత ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. కాలువ అవతలి గట్టు మీద కొంగలు లేచిపోయాయి. "నీ ఇంట్లో అన్నం వండుకోరా, టైరుకంటుకున్న గింజలు గీక్కుని తింటారా? చక్రం ఒక్క అంగుళం ముందుకొచ్చిందంటే, నీ ట్యాంకరు నీళ్ళన్నీ నీ చేతే తాగిస్తాను. ఎవడు పంపాడ్రా నిన్ను? ఆడి పేరు చెప్పు. ఆడి అమ్మకి చెప్తాను, ఎలాంటోణ్ణి కన్నావమ్మా అని."

ఆ 'ఆడు' పక్కనే ఉన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. డ్రైవరు ఒకసారి ఆయన వంకా, ఒకసారి ఆవిడ వంకా చూసి, ఎవరికి భయపడాలో వెంటనే తేల్చుకున్నాడు. ట్యాంకరు వెనక్కి వెళ్ళింది. మలుపు దాకా వెనక్కే వెళ్ళి, కనుమరుగైంది.

గట్టు మీద చీమ చిటుక్కుమనలేదు. పరాంకుశం గారు అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నారు.

వీరవేణి ఊపిరి తీసుకుంది. ఆయన్ని చూసింది, ఆకాశాన్ని చూసింది, ట్రాక్టరుని చూసింది. ఆవిడ కళ్ళలో ఏదో మెరిసింది. గొంతు ఒక్కసారిగా తేనెలో ముంచి తీసినట్టయింది.

"చూశారుగా బాబుగారూ. లారీలు ధాన్యాన్ని చూసి ఆగట్లేదండి. నన్ను చూసి ఆగుతున్నాయి. మీకు కావాల్సిన సాధనం ధాన్యం కాదండి, నేను. ధాన్యం తీసేసుకోనివ్వండి, నేనుంటాను కదా ఇక్కడ."

పరాంకుశం గారు కళ్ళు తెరిచారు. ఆయన కళ్ళజోడు ఈసారి తుడవలేదు.

"ప్రయోగాత్మకంగా నిరూపించాలి," అన్నారు.

"అలాగేనండి," అని వీరవేణి నా వంక తిరిగి, "మేష్టారూ, సంచి పట్టండి," అంది.

పట్టాను. నేనూ, ట్రాక్టరు డ్రైవరూ, ప్రయోగం ఆలస్యమవుతోందని కంగారు పడ్డ కిరీటి కూడా ధాన్యం ఎత్తి సంచుల్లో నింపాం. సగానికి పైగా ట్రాక్టరెక్కేసరికి ఇసుక లారీ ఒకటి మలుపు తిరిగింది. వీరవేణి నిలబడ్డచోటునుంచే నోరు విప్పింది. ఈసారి తిట్లు ఇంకాస్త బాగున్నాయి, అచ్చులో వేసేవి మాత్రం కావు. లారీ వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"నిరూపితం," అన్నారు పరాంకుశం గారు. "ధాన్యం అవసరం లేదు. ఈమెను వెంటనే శబ్ద నియంత్రణ సాధనంగా నమోదు చేయండి. నంబరు ఎక్కడ వెయ్యాలో తర్వాత ఆలోచిద్దాం."

అప్పటికి రోడ్డు మీద ఇంకా నాలుగు సంచుల ధాన్యం మిగిలి ఉందన్న విషయం ఎవరూ ఎత్తలేదు. నాకు గుర్తొచ్చింది గానీ, నోరు మూసుకుని గబగబా ఎత్తాను. ట్రాక్టరు బయల్దేరి, సెంటరు మూసేలోపు చేరింది. కాటా పెట్టారు, తేమ చూశారు, తీసుకున్నారు. సంచులు లోపల పడ్డ కాసేపటికే వాన దంచికొట్టింది. వీరవేణి సెంటరు గుమ్మంలో నిలబడి ఆ వానని చూస్తూ నవ్వింది. ఎండాకాలం మొదలయ్యాక ఆవిడ నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. నాకూ చాలా ఆనందమేసింది, నడుం పట్టేసినా సరే.

మర్నాడు వానకి కడిగిన రోడ్డు మీదికి పరాంకుశం గారు పైఆఫీసు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారట, కొత్త సాధనాన్ని చూపించడానికి. సాధనం లేదు. లారీలు వరసగా పోతున్నాయి. వచ్చిన పెద్దల్లో ఒకాయన నేను మునిగిన జమ్ములోనే మునిగారని విన్నాను.

పరాంకుశం గారు మా కాలేజీకే వచ్చేసి, నన్ను వెంటబెట్టుకుని వీరవేణి ఇంటికి వెళ్ళారు. ఆవిడ అరుగు మీద కూర్చుని పచ్చిమిరపకాయలు తొడిమలు తీస్తోంది. మర్యాదగా లేచి కుర్చీ వేసింది.

"ఏమ్మా, మాట ఇచ్చి రాలేదేం?" అన్నారాయన.

"వచ్చానండి బాబుగారూ, అబద్ధమెందుకు. పొద్దున్నే వచ్చి నిలబడ్డాను. లారీ వచ్చింది. తిడదామని నోరు తెరిచాను. రాలేదండి."

"ఏం రాలేదు?"

"తిట్టేనండి. ధాన్యం రోడ్డు మీదున్నప్పుడు నేనేం ఆలోచించక్కర్లేదు, దానంతటదే వస్తుంది. నిన్ననే అమ్మేశాను కదండీ. రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది. ఇప్పుడా డ్రైవర్ని చూస్తే, పాపం ఎక్కడ తిన్నాడో ఏమో అనిపించింది. అరవాలంటే కడుపు మండాలండి. నాకిప్పుడు మండట్లేదు."

పరాంకుశం గారు ఆ మాటకి ఆలోచనలో పడ్డారు. ఎవరి మాటకైనా ఆయన అంత లోతుగా ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి లేచి, ఆవిడకి నమస్కారం పెట్టి, జీపెక్కారు.

ఆ సాయంత్రమే ఆయన వ్యవసాయ శాఖకి ఒక లేఖ రాశారు. ప్రశాంత పథాల నిర్వహణ నిమిత్తం, కడుపు మండుతున్న రైతులు మార్గానికి ఒకరు చొప్పున అత్యవసరంగా కావలెననీ, అట్టివారు జిల్లాలో తగు సంఖ్యలో లభ్యమగుదురో లేదో తెలియజేయవలసినదనీ ఆ లేఖ సారాంశం. ఏ లేఖకైనా ఆరు నెలలకి తక్కువ కాకుండా జవాబిచ్చే శాఖ అది. ఈ ఒక్కదానికి మాత్రం మర్నాడే జవాబొచ్చింది. మార్గాలు ఎన్ని ఉన్నా ఫర్వాలేదనీ, రైతులకు కొరత రాదనీ రాశారు.